ఐడిల్‌లో వణికే పాత పెట్రోల్ కారు: ప్లగ్గులు మార్చినా, ట్యాంకు కడిగించినా అదే గోల

పాతబండి_బాధితుడు
బండికి 21 ఏళ్ళు. 1.4 లీటర్ల పెట్రోల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం). 1,48,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్నమొన్నటిదాకా ఒక్క మాట పడలేదు. నాలుగు నెలల నుంచి మాత్రం నన్ను తిప్పలు పెడుతోంది.

సిగ్నల్ దగ్గర ఆగి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో ఉంచితే ఆర్‌పీఎం మీటరు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ముల్లు 550కి పడిపోతుంది, మళ్ళీ 950కి లేస్తుంది, మళ్ళీ పడుతుంది. ఆయాసం వచ్చినవాడు ఎగపోసుకుంటున్నట్టు ఉంటుంది. స్టీరింగ్ వణుకుతుంది, అద్దంలో వెనక బండి నెంబరు చదవలేను. రోడ్డెక్కి స్పీడు అందుకుంటే మాత్రం ఏమీ ఎరగనట్టు పోతుంది. ఇంకో విచిత్రం ఏంటంటే వారంలో మూడు రోజులు బుద్ధిగా ఉంటుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళిన రోజు తప్పకుండా బుద్ధిగా ఉంటుంది.

పెట్రోల్ మీదే నా అనుమానం. ట్యాంకు నింపించి బంకులోంచి బయటికి తీసేలోపే రెండుసార్లు ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టీ కొట్టీ, యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కిపడితే గానీ స్టార్ట్ కాలేదు. వెనక నల్లటి పొగ. బంకు మార్చాను. ఇప్పటికి మూడు బంకులు తిరిగాను. అందరూ కల్తీయే పోస్తున్నారా, లేక నా ఖర్మా?

ఇప్పటిదాకా ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు. త్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. ట్యాంకు దింపి కడిగారు, చిటికెడు తుప్పు కూడా రాలలేదు. ఇప్పుడేమో పంపు, నాలుగు ఇంజెక్టర్లు కలిపి మార్చేద్దాం అంటున్నాడు మెకానిక్. మార్చేయనా?

సైలెన్సర్_శబ్దం
ఆగండాగండి. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందా?

పాతబండి_బాధితుడు
వెలుగుతుంది, ఆరిపోతుంది. ఒకసారి మెకానిక్ స్కానర్ పెడితే పీ0171 అనే కోడ్ వచ్చింది. చెరిపేశాడు. వారానికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెరిపేశాడు.

మల్టీమీటర్_మావయ్య
చెరిపేశాడా! దొంగ పడ్డ ఇల్లు ముందు తుడిచి, తర్వాత వేలిముద్రలు వెతికినట్టుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడి మీద ఉంది, ఎంత ఆర్‌పీఎం, ఎంత లోడు అన్నది ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఒక ఫొటోలా దాచిపెట్టుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే అదీ పోతుంది.

చోక్_లాగినవాడు
కార్బురేటర్ ఉన్న రోజుల్లో ఈ కోడ్లూ లేవు, ఈ బాధలూ లేవు. స్క్రూ డ్రైవర్ ఒకటి ఉంటే చాలు. రెండు తిప్పులు ఇటు, అర తిప్పు అటు, చెవి పెట్టి వింటే ఇంజనే చెప్పేది.

సైలెన్సర్_శబ్దం
అవును గురూ, పొద్దున్నే చోక్ లాగి పది నిమిషాలు బతిమాలితే చెప్పేది.

పాత_వైరింగ్
పంపు వద్దు, ఇంజెక్టర్లు వద్దు. ముందు ప్లగ్ వైర్లు, కోయిల్ చూడండి. నా బండిలో అచ్చం ఇవే లక్షణాలు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా స్ప్రే బాటిల్‌తో ప్లగ్ వైర్ల మీద సన్నగా నీళ్ళు చల్లాను. మూడో వైరు నుంచి హెడ్ మీదికి నీలం మిణుగురులు దూకాయి. వైర్లు మార్చాను, జబ్బు పోయింది.

మల్టీమీటర్_మావయ్య
పాత_వైరింగ్ గారి చిట్కా మంచిదే గానీ ఈ బండికి అతకదు. వైరు లీకైతే లోడు పడినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ మిస్సింగ్ కొట్టాలి. ఈయన బండి రోడ్డు మీద బాగా పోతోంది, ఆగితేనే గోల. పైగా వచ్చింది పీ0171. అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని ఫిర్యాదు. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోకపోవడం) అయితే పీ0300, పీ0301, పీ0302 అలా రావాలి.

ఈసీయూ ఏం చేస్తుందో ఒక్కసారి చెబుతా, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. పెట్రోల్ సరిగ్గా కాలాలంటే బరువు లెక్కన 1 వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి. సైలెన్సర్ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ కాలిన పొగను చూసి 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది. పెట్రోల్ తక్కువైతే వోల్టు కిందికి, ఎక్కువైతే పైకి. దాన్ని బట్టి ఈసీయూ ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. ఆ దిద్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. షార్ట్ టర్మ్ అంటే అప్పటికప్పుడు చేసేది, లాంగ్ టర్మ్ అంటే అలవాటు చేసుకున్నది. ఆరోగ్యంగా ఉన్న బండిలో లాంగ్ టర్మ్ సున్నాకి అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటుంది. 10 దాటితే ఎక్కడో ఏదో ఉంది.

ఈసీయూలోని అంకెలు చూపించే ఒక చిన్న ఓబీడీ అడాప్టర్ తెచ్చుకుని ఫోన్‌కి కలుపుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ట్రిమ్ ఎంత, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ఎంత, ఈ రెండు అంకెలు ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా ఒక్క నట్టు కూడా కొనొద్దు.

గ్యారేజీ_గౌరి
దానికి ముందు ఒక ప్రశ్న. మీ బండిలో గాలిని కొలిచేది మ్యాఫ్ సెన్సరా (లోపలికొచ్చే గాలినే కొలిచేది), మ్యాప్ సెన్సరా (ఇంజన్‌లోకి గాలి పంచే గొట్టాలు, అంటే మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది)? ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే గొట్టంలో వైర్ల ప్లగ్ ఉన్న సెన్సర్ కనిపిస్తే మ్యాఫ్. మ్యాప్ సెన్సర్ బండిలో గాలి ఎక్కడ లీకైనా మానిఫోల్డ్‌లో ఒత్తిడి మారి ఈసీయూకి తెలిసిపోతుంది, సరిపడా పెట్రోల్ కలిపేస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు, ఐడిల్ పైకి లేస్తుంది. మ్యాఫ్ బండిలో అయితే సెన్సర్ దాటాక దూరిన గాలి లెక్కలోకే రాదు. ఒకే జబ్బుకి రెండు బండ్లలో రెండు రకాల అంకెలు వస్తాయి.

పాతబండి_బాధితుడు
గొట్టంలో ఉంది మేడమ్, మ్యాఫే. అడాప్టర్ తెప్పిస్తున్నా.

డీజిల్_దాదా
డీజిల్ కొనుక్కోండి. స్పార్క్ ప్లగ్గులు లేవు, కోయిల్ లేదు.

సైలెన్సర్_శబ్దం
ఆ వణుకేదో ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తారు, కదా దాదా.

పాతబండి_బాధితుడు
ఇదిగో అంకెలు. కూలెంట్ 88 డిగ్రీలు ఉండగా చూశాను. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +18. 2500 దగ్గర అర నిమిషం పట్టి ఉంచితే +3. ట్యాంకు పావు వంతు ఉంది, రెండు రోజుల్లో పోయించాలి.

మల్టీమీటర్_మావయ్య
గాలి లీకు. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

ఎందుకంటే లీకయ్యే గాలి ఎప్పుడూ దాదాపు ఒకే కొలతలో దూరుతుంది. ఐడిల్‌లో ఇంజన్ తాగేదే కొంచెం, అందులో ఈ దొంగ గాలి పెద్ద వాటా. 2500 దగ్గర ఇంజన్ బోలెడు గాలి తాగుతుంది, దొంగ గాలి లెక్కలోకి రాకుండా పోతుంది. పంపు బలహీనమైనా, ఫిల్టర్ మూసుకుపోయినా ఇందుకు తలకిందులుగా ఉంటుంది: ఐడిల్‌లో బాగానే ఉండి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంది. కాబట్టి పంపు మార్చమన్న పెద్దమనిషికి ఒక దండం.

అరకొర_మెకానిక్
కార్బ్ క్లీనర్ స్ప్రే తీసుకుని మానిఫోల్డ్ చుట్టూ కొడుతూ పోండి. ఎక్కడ కొట్టినప్పుడు ఐడిల్ మారిందో అక్కడే లీకు. అయిదు నిమిషాల పని.

గ్యారేజీ_గౌరి
వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన మండే స్ప్రేనా? అయిదు నిమిషాల పనే, ఫైరింజన్ రావడానికి పట్టే టైము వేరు. దయచేసి ఈ సలహా ఇవ్వకండి.

అరకొర_మెకానిక్
పదిహేనేళ్ళుగా కొడుతున్నా, ఏమీ కాలేదు.

గ్యారేజీ_గౌరి
మీకు ఏమీ కాలేదు సరే. చదివేవాళ్ళలో ప్లగ్ వైరు నిప్పురవ్వలు విసిరే బండి ఎవరిదో మీకెలా తెలుసు? పైన పాత_వైరింగ్ గారు నీలం మిణుగురులు చూశానన్నారు, అలాంటి బండి మీద ఇది కొడితే?

పాత_వైరింగ్
నా కనుబొమ్మల పేరెత్తకండి ప్లీజ్.

మల్టీమీటర్_మావయ్య
రెండు క్షేమమైన దారులున్నాయి. ఒకటి స్మోక్ మెషీన్. ఇంజన్ ఆపి, ఇంటేక్‌లోకి తక్కువ ఒత్తిడితో పొగ ఎక్కిస్తారు, చిల్లున్న చోట పొగ బయటికి వస్తుంది. అది లేకపోతే అర మీటరు రబ్బరు పైపు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసతో హోస్‌ల వెంట వెతకండి. ఫ్యాను బెల్టుకి మాత్రం దూరంగా. లీకు దగ్గర ‘స్స్‌స్’ అని స్పష్టంగా వినిపిస్తుంది. ఇంజన్ లోపలి ఆవిరిని హెడ్ నుంచి మానిఫోల్డ్‌కి తీసుకెళ్ళే పీసీవీ హోస్ ఉంటుంది కదా, దాని వంపు అడుగు భాగం వేలితో తడమండి. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది, చీలిక ఎప్పుడూ కిందే. లోపల ఆయిల్ ఆవిరి తగిలి తగిలి రబ్బరు మెత్తబడిపోతుంది.

చోక్_లాగినవాడు
పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం మొదలెట్టాకే పాత బండ్ల రబ్బర్లన్నీ పోతున్నాయి. నా కార్బురేటర్ బండిలో ఫ్లోట్ దగ్గర గ్యాస్కెట్ ఉబ్బిపోయింది, సన్న పైపు ఒకటి వేలితో నొక్కితే పటపటా పగిలింది.

గ్యారేజీ_గౌరి
పెట్రోల్ పారే రబ్బరు విషయంలో మీరన్నది నిజమే, ఇథనాల్‌కి తయారు చేయని పాత రబ్బర్లు పాడవుతాయి. ఇథనాల్ కాలడానికి కావాల్సిన గాలి కూడా తక్కువ, స్వచ్ఛమైన ఇథనాల్‌కి 9 వంతులు చాలు. అంటే మీ కార్బురేటర్ పాత జెట్‌తోనే (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) పోస్తుంటే మిశ్రమం పల్చబడి గాలి ఎక్కువవుతుంది, ఈసీయూ ఉన్న బండి ఆ తేడాను సర్దుకుంటుంది. ఇంకోటి, అది నీటిని పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. కానీ పీసీవీ హోస్ పాపం ఇథనాల్ ఖాతాలో రాయలేం, 21 ఏళ్ళకి ఏ రబ్బరైనా చాలిస్తుంది.

పాతబండి_బాధితుడు
దొరికింది!! పీసీవీ హోస్ వంపు అడుగున బొటనవేలి గోరంత చీలిక. వేలు పెట్టి మూస్తే ముల్లు కాస్త కుదుటపడింది. కొత్త హోస్ వేశాను. ఐడిల్ ట్రిమ్ +18 నుంచి +11కి దిగింది. మావయ్యా, మీకు పాదాభివందనం.

సైలెన్సర్_శబ్దం
థ్రెడ్ మూసేయొచ్చా? ఇంత త్వరగా అయిపోతే మజా ఏముంది.

మల్టీమీటర్_మావయ్య
+11 అంటే ఇంకా ఎక్కడో పీలుస్తోంది. అప్పుడే మూయకండి. రెండు రోజులు నడిపి మళ్ళీ అంకె చూడండి, పాత అలవాటు పోవడానికి కొంత టైము పడుతుంది.

పాతబండి_బాధితుడు
పాదాభివందనం వెనక్కి తీసుకుంటున్నా.

ఇవాళ ట్యాంకు నింపించాను. అదే కథ. బంకు గేటు దాటకుండానే ఆగిపోయింది, నల్ల పొగ, కారంతా పెట్రోల్ వాసన. కిందా మీదా పడి స్టార్ట్ చేసి ఇంటికొచ్చి చూస్తే ట్రిమ్ -14! ప్లస్ కాదు, మైనస్! నిన్నటిదాకా పెట్రోల్ చాలట్లేదన్న బండి ఇవాళ ఎక్కువైందంటోంది. అడాప్టర్ పాడైందా?

అరకొర_మెకానిక్
నేను ముందే అనుకున్నా. ఇంజెక్టర్ కారుతోంది. మెకానిక్ చెప్పిందే కరెక్టు.

పాత_వైరింగ్
నాకైతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అనిపిస్తోంది. అది ఇంజన్ ఇంకా చల్లగా ఉందని అబద్ధం చెబితే ఈసీయూ పెట్రోల్ కుమ్మరిస్తుంది. 20 డిగ్రీల దగ్గర రెండు, మూడు కిలో ఓమ్‌లు చూపించాల్సిన సెన్సర్, వేడెక్కాక కొన్ని వందల ఓమ్‌లకి దిగాలి. నా తమ్ముడి బండిలో దిగేది కాదు.

గ్యారేజీ_గౌరి
సెన్సర్ 88 అని చూపించిందని ఆయన ముందే రాశారు. అబద్ధం చెప్పే సెన్సర్ అయితే అక్కడ 20, 30 అని కనిపించేది. అది కాదు.

ప్రెజర్ రెగ్యులేటర్ (ఇంజెక్టర్లకి వెళ్ళే పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచేది) చూడండి. దాని లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, చిరిగితే పెట్రోల్ వ్యాక్యూమ్ హోస్‌లోంచి నేరుగా మానిఫోల్డ్‌లోకి కారుతుంది. ఆ సన్న హోస్ పీకి వాసన చూడండి. లోపల తడి ఉన్నా, పెట్రోల్ వాసన గుప్పుమన్నా రెగ్యులేటర్ పోయినట్టే. అలాగే ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టానికి (రైలు) గేజ్ పెట్టించి ప్రెజర్ కొలిపించండి. మీ తరం ఎంపీఎఫ్ఐ బండ్లలో ఐడిల్‌లో సుమారు 2.5 బార్, రెగ్యులేటర్ హోస్ పీకితే 3 బార్ ఉంటుంది. ఇంజన్ ఆపాక పది నిమిషాల్లో ఎంత పడిపోయిందో కూడా చూడాలి, ఇంజెక్టర్ కారుతుంటే అక్కడ దొరుకుతుంది. లైను విప్పే ముందు పంపు ఫ్యూజ్ తీసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి, లేకపోతే ఆ ఒత్తిడి మొహం మీదే పడుతుంది.

పాతబండి_బాధితుడు
వేరే గ్యారేజీలో గేజ్ పెట్టించా. ఐడిల్‌లో 2.5, హోస్ పీకితే 3. ఆపిన పది నిమిషాల తర్వాత 2.3. రెగ్యులేటర్ హోస్ ఎండిపోయి ఉంది, వాసన లేదు. ఇంకో విషయం, ఇవాళ మళ్ళీ బాగానే నడుస్తోంది. ట్రిమ్ +2. నాకు పిచ్చెక్కేలా ఉంది.

అరకొర_మెకానిక్
హెడ్‌లో వాల్వులు చూడాలి అయితే. వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లు బిగిసిపోతే వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు, ఐడిల్ ఇలాగే తన్నుకుంటుంది. కంప్రెషన్ చెక్ చేయించండి.

మల్టీమీటర్_మావయ్య
ట్యాపెట్లు ఇవాళ బిగిసి, రేపు వదులై, ఎల్లుండి మళ్ళీ బిగుస్తాయా? రోజుకో రకంగా మారే జబ్బుకి లోపల అరిగిపోయే భాగం కారణం కాదు నాయనా. నిజం చెప్పాలంటే నాకూ అంతుపట్టట్లేదు. ప్లస్సూ మైనస్సూ రెండూ ఇచ్చే లీకు ఏంటి? మ్యాఫ్ సెన్సర్ మీద దుమ్ము పట్టినా ఒకే దారిన పోవాలి గానీ ఇలా ఊగదు.

అటకమీది_మాన్యువల్
రోజూ చదువుతా గానీ రాయను. ఇవాళ ఆగలేకపోయా.

మొదటి పోస్టు మళ్ళీ చదవండి. ఆయన అంకెలకంటే ముందే జవాబు రాసేశారు. ‘ట్యాంకు నింపించి బంకులోంచి బయటికి తీసేలోపే రెండుసార్లు ఆగిపోయింది.’ తర్వాత నిన్న, మళ్ళీ ట్యాంకు నింపగానే. మూడు బంకులు మార్చినా అదే. ఏం పోయించారన్నది పక్కన పెట్టండి, పోయించడమే లక్షణం.

ఈవ్యాప్ పర్జ్ వాల్వు చూశారా ఎవరైనా?

ట్యాంకులో లేచే పెట్రోల్ ఆవిరి గాల్లోకి పోకుండా బొగ్గు రవ్వలు నింపిన డబ్బాలోకి వెళ్తుంది. దాన్ని క్యానిస్టర్ అంటారు. ఇంజన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు ఈసీయూ ఒక చిన్న సోలెనాయిడ్ వాల్వును టిక్కు టిక్కుమని తెరుస్తూ ఆ ఆవిరిని మానిఫోల్డ్‌లోకి కొంచెం కొంచెంగా లాగి కాల్చేస్తుంది. అదే పర్జ్ వాల్వు. కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండాలి.

అది తెరుచుకుని ఇరుక్కుపోయిందనుకోండి. ట్యాంకు సగానికి తగ్గి, క్యానిస్టర్‌లో ఆవిరి అయిపోయిన రోజు దాని వెంట్ (బయటి గాలి వచ్చే దారి) నుంచి ఉత్త గాలే వస్తుంది. గాలి లీకు. ట్రిమ్ ప్లస్. ట్యాంకు నింపిన రోజు లోపలి ఆవిరంతా క్యానిస్టర్‌లోకి తోసుకొస్తుంది, ఇంజన్ దాన్ని గటగటా తాగుతుంది. ట్రిమ్ మైనస్, నల్ల పొగ, స్టార్టింగ్ ట్రబుల్. మధ్యలో ఏదో ఒక రోజు గాలీ ఆవిరీ సరిసమానమై +2 వస్తుంది, బండి బాగైపోయిందని సంబరపడతాం. చిల్లు ఒకటే, అందులోంచి వచ్చేదే మారుతోంది.

గ్యారేజీ_గౌరి
అబ్బా. ‘స్టార్ట్ కాలేదు, యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కిపడితే అయింది’ అన్నారు కూడా. ఫ్లడ్ అయిన, అంటే పెట్రోల్ మరీ ఎక్కువైపోయిన ఇంజన్ లక్షణం. నేను చదివి కూడా దాటేశా.

మల్టీమీటర్_మావయ్య
కళ్ళు మూసుకుని చెప్పొచ్చు అన్నాను కదా. నిజంగానే మూసుకున్నట్టున్నా.

సైలెన్సర్_శబ్దం
మావయ్య గారి ఆ పోస్టుని ఫ్రేము కట్టించాలి. ఫ్రీజ్ ఫ్రేము.

అటకమీది_మాన్యువల్
పాతబండి గారూ, ఒక ప్రశ్న. పెట్రోల్ మూత తిప్పగానే ‘స్‌స్’ అని గాలి లోపలికి పీలుస్తుందా?

పాతబండి_బాధితుడు
పీలుస్తుంది! చాలా రోజులుగా. మూత గట్టిగా ఉంది, సీల్ బాగుందని మురిసిపోయేవాణ్ణి.

అటకమీది_మాన్యువల్
ఇంజన్ ఆ వాల్వు గుండా ట్యాంకునే పీలుస్తోందన్నమాట. ఇలా చేయండి. మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న హోస్‌కి మధ్యలో, రెండు వైర్ల ప్లగ్‌తో అగ్గిపెట్టంత వాల్వు ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ముందు ఆ వైర్ల ప్లగ్ పీకండి. ఇప్పుడు వాల్వు తప్పనిసరిగా మూసుకోవాలి. తర్వాత క్యానిస్టర్ వైపు హోస్ పీకి, వాల్వు మూతి మీద బొటనవేలు పెట్టండి. పీల్చుడు ఉండకూడదు. ఉంటే వాల్వు పోయింది. మల్టీమీటర్‌తో కాయిల్ ఓమ్‌లు మాత్రమే చూసి బాగుందనుకోవద్దు. కాయిల్ బాగానే ఉండి, లోపల మూత ఇరుక్కుపోయి ఉండొచ్చు.

పాతబండి_బాధితుడు
ఇప్పుడే చేసొచ్చా. చేతులు కూడా కడుక్కోలేదు, ఫోన్ మీద మసి అంటుతోంది.

వైర్ల ప్లగ్ పీకాను, ఏమీ మారలేదు. హోస్ పీకాను. వాల్వు మూతిలోంచి బుస్సుమని పాము బుసకొట్టినట్టు చప్పుడు, ఇంజన్ దాదాపు ఆగిపోయింది. బొటనవేలు పెట్టా. వేలిని లోపలికి లాక్కుంది, చర్మం గుండ్రంగా ఉబ్బి అచ్చు పడింది. వేలు అలాగే ఉంచి, మా అబ్బాయిని మీటరు చూడమన్నా. 620, 700, 780, 800... అక్కడ ఆగిపోయింది. కదల్లేదు. బానెట్ కింద అంత నిశ్శబ్దం విని నాలుగు నెలలైంది. ‘నాన్నా, ముల్లు అతుక్కుపోయింది’ అన్నాడు వాడు. వేలు తీస్తే మళ్ళీ ఊగుడు. వేలు పెడితే కుదురు. అయిదుసార్లు పెట్టి తీసి చూసుకున్నా, మళ్ళీ నమ్మకం కలగక.

అటకమీది_మాన్యువల్
వాల్వు విప్పి తెల్ల కాగితం మీద తట్టండి. ఏం రాలిందో చెప్పండి.

పాతబండి_బాధితుడు
నల్లటి రవ్వలు. ఆవాలంత ఉన్నాయి, నలిపితే పొడి అవుతున్నాయి. బొగ్గేనా?

అటకమీది_మాన్యువల్
బొగ్గే. క్యానిస్టర్ లోపల ఫిల్టర్ చిరిగి రవ్వలు హోస్‌లోకి వచ్చేశాయి. ఒక రవ్వ వాల్వు నోట్లో అడ్డుపడితే తెరుచుకునే ఉంటుంది, ఎప్పుడైనా జారిపోతే మామూలుగా మూసుకుంటుంది. మెకానిక్ దగ్గర బుద్ధిగా ఉన్న రోజులు బహుశా అవే. కొత్త వాల్వు ఒక్కటే వేస్తే నెలకి మళ్ళీ ఇదే థ్రెడ్ తెరుస్తారు. క్యానిస్టర్ కూడా మార్చండి, మధ్య హోస్‌ను రెండు చివర్లూ విప్పేశాకే గాలి కొట్టి శుభ్రం చేయండి.

ఇంకో మాట, బంకులో మీటరు టక్కుమని ఆగాక కూడా ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని మూతిదాకా పోయిస్తారా?

పాతబండి_బాధితుడు
పోయిస్తా. చిల్లర లేకుండా సరి చేసుకోవడానికి. మా నాన్న కాలం నుంచి అలవాటు.

అటకమీది_మాన్యువల్
ఆ అలవాటు మానేయండి. ఆవిరి కోసం పెట్టిన దారిలోకి అసలు పెట్రోలే పొంగుతుంది. బొగ్గు తడిసి ముద్దయి చెడిపోతుంది. మీ క్యానిస్టర్ దీనివల్లే పోయిందని ఒట్టేసి చెప్పలేను, 21 ఏళ్ళది కూడా కదా. కొత్తదానికి మాత్రం ఆ గతి పట్టించకండి.

చోక్_లాగినవాడు
మా కార్బురేటర్ బండికి ఆ బొగ్గు డబ్బా గొడవే లేదు. ఆవిరి హాయిగా ఆకాశంలోకి పోతుంది.

గ్యారేజీ_గౌరి
మా ముక్కులోకి పోతుంది సార్, ఆకాశంలోకి కాదు.

అరకొర_మెకానిక్
వాల్వు హోస్‌కి ఒక బోల్టు దూర్చి బిగించేస్తే సరిపోదా? క్యానిస్టర్ ఎందుకు మార్చడం?

అటకమీది_మాన్యువల్
లీకు ఇదేనా కాదా అని తేల్చుకోవడానికి ఒకపూట బోల్టు పెట్టి చూడొచ్చు. అలాగే వదిలేస్తే ఇంజన్ ఆవిరి తాగడం మానేస్తుంది, క్యానిస్టర్ నిండి పెట్రోల్ వాసన కారు చుట్టూ తిరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో ఆ వాసనతో కూర్చోవాలని నాకైతే లేదు.

పాత_వైరింగ్
ఇది చదివి నా బండి మూత తిప్పి చూశా. పీల్చలేదు. నిద్ర పడుతుంది ఇవాళ.

పాతబండి_బాధితుడు
పది రోజుల తర్వాత వస్తున్నా. పర్జ్ వాల్వు కొత్తది వేశా. క్యానిస్టర్ వెనక చక్రం పక్కన ఉంది, ఒక బోల్టు తుప్పు పట్టి సగం రోజు తినేసింది. హోస్ విప్పి ఊదితే ఇంకో పిడికెడు బొగ్గు వచ్చింది. ఈ పది రోజుల్లో రెండుసార్లు ట్యాంకు నింపించా, మీటరు టక్కుమనగానే ఆపించేశా. రెండుసార్లూ సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఐడిల్ 800, ట్రిమ్ +2, 2500 దగ్గర +1. కోడ్ రాలేదు.

పంపు, ఇంజెక్టర్లు పాతవే ఉన్నాయి. మెకానిక్‌కి వాల్వు చూపిస్తే తిప్పి తిప్పి చూసి, ‘దీనివల్లా?’ అన్నాడు. ఆ బొగ్గు రవ్వలు ఒక చిన్న సీసాలో దాచిపెట్టా.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఏసీ వేస్తే ముల్లు 700కి దిగి, ఒక క్షణం ఆగి 850కి లేస్తోంది. ఆ క్షణంలో సన్నగా వణుకు. పట్టించుకోవాలా?

మల్టీమీటర్_మావయ్య
కంప్రెసర్ పట్టుకోగానే ఒక క్షణం దిగి లేవడం మామూలే, ఐడిల్ కంట్రోల్ వాల్వు గాలి పెంచడానికి ఆ మాత్రం టైము పడుతుంది. త్రాటిల్ బాడీ కడిగినప్పుడు ఆ వాల్వు కూడా విప్పి కడిగారా, లేక పైపైన స్ప్రే కొట్టి వదిలేశారా?

పాతబండి_బాధితుడు
తెలియదు. అడిగితే ‘అంతా చేశాం సార్’ అన్నారు.

గ్యారేజీ_గౌరి
అంటే కడగలేదు. వాల్వు కడిగించండి. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు కూడా చూడండి, ఆ వయసు బండిలో అవి కుంగి ఉంటాయి, ఇంజన్ బాగున్నా వణుకు సీటుదాకా వస్తుంది. ఒకరు బ్రేకు, హ్యాండ్‌బ్రేకు రెండూ గట్టిగా పట్టి గేరులో క్లచ్ కొంచెం వదులుతుంటే, ఇంకొకరు బండి ముందు కాకుండా పక్కన నిలబడి చూడాలి. ఇంజన్ ఎగిరి పడుతుంటే రబ్బరు పోయినట్టే.

పాతబండి_బాధితుడు
సరే, ఆదివారం ఆ రెండూ చూస్తా. మా అబ్బాయి ఇప్పటికే టార్చి ఛార్జింగ్ పెట్టాడు.

కొత్తగా_చేరినవాణ్ణి
థ్రెడ్ మొత్తం చదివాను. నాదీ ఇదే సమస్య, ఐడిల్‌లో బాగా వణుకుతోంది, పర్జ్ వాల్వు ఎక్కడుందో దొరకట్లేదు. బండి డీజిల్.

సైలెన్సర్_శబ్దం
దాదా, మీ మనిషి వచ్చాడు.

డీజిల్_దాదా
కొత్త థ్రెడ్ తెరువు తమ్ముడూ, నేనొస్తున్నా.